కృష్ణా తుంగభద్రా తీరములందలి కట్టడములు

కట్టడమునకు చరిత్రవిలువ మూడింటివలన కలుగును: అది నిలిచిన స్థానము, శిల్పి కల్పించిన రూపము, జనులు దానిని వినియోగించు విధము. ఈ మూడును ఒక్కచోట చెడక నిలుచుట అరుదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డయందును, కృష్ణకు ఆవలి వనపర్తి, నాగరుకర్నూలు సీమలయందును ఈ విషయము ప్రత్యక్షముగా గోచరించును.

తుంగభద్ర యెడమగట్టున వెలసిన ఆలంపురమున నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలమునాటివి. బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ బ్రహ్మలని పేరులున్నను ఇవి శివాలయములే. వీనిలో పెక్కింటికి ఉత్తరదేశపు రేఖానాగర శిఖరముండుట గమనింపదగినది. శిల్పుల సంప్రదాయములకు రాజ్యముల యెల్లలు అడ్డు కాలేదని దీనివలన తేలుచున్నది. విజయాదిత్యుని యాజ్ఞచే ఈశానాచార్యస్వామి ప్రాకారము కట్టించెనని క్రీ. శ. 713 నాటి శాసనము తెలుపుచున్నది. ఇచ్చట స్థానము, రూపము, పూజ మూడును నిలిచినవి. అయినను భయము తొలగలేదు. 2009 అక్టోబరు వఱదనీరు ఆలంపురమును ముంచెత్తినది.

శ్రీశైల జలాశయము ఏర్పడినప్పుడు కొన్ని యాలయములకు మునక తప్పలేదు. కృష్ణా తుంగభద్రల సంగమమున నున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి, ఆలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. పాపనాశి ఆలయములును, నాగరుకర్నూలు సీమలోని జటప్రోలు మదనగోపాలస్వామి యాలయమును అట్లే చోటు మాఱినవి. రూపము దక్కినది, కాని సంగమేశ్వరుని యెదుట నేడు సంగమము లేదు. స్థలమాహాత్మ్యమును చదువువారికి పాఠమొకచోటను, స్థలమొకచోటను కనబడుచున్నవి.

గద్వాల కథ దీనికి విపరీతము. సోమనాద్రి యను ప్రసిద్ధనామము గల పెదసోమభూపాలుడు కట్టించిన కోట తన చోటనే యున్నది. పండితపోషణచే విద్వద్గద్వాల యని పేరొందిన సంస్థానమునకు ఇదియే పీఠము. కోటలోని చెన్నకేశవాలయమున నేటికిని పూజలు జరుగుచున్నవి. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిటి కళాశాల ఆవరణముననే కలదు. ఇట్లు స్థానమును, వినియోగమును నిలిచినను రూపము క్షీణించుచున్నది. గోడలు పలుచోట్ల శిథిలములైనవి.

వనపర్తి రాజభవనమునకు వేఱొక గతి కలిగినది. సంస్థానములు పోయిన పిదప 1959లో అది పాలిటెక్నిక్కు విద్యాలయమైనది. రాజులుండిన గదులలో విద్యార్థులు చదువుట కొందఱికి గౌరవహానిగా తోపవచ్చును. కాని మనుష్యసంచారము గల యింటికప్పు కారినచో ఆ దినముననే తెలియును. పాడుపడిన యింటికప్పు కూలిన పిదపనే తెలియును. తొలుదొల్త కట్టిన యుద్దేశము మాఱినను, వినియోగమే భవనమును కాచినది.

కావున ఒకే రక్షణవిధానము అన్నిటికిని చాలదు. చోటు మాఱిన యాలయములకు పూర్వస్థానమును తెలుపు శిలాఫలకము కావలెను. గద్వాల కోటకు ఉన్న గోడల కొలతలు, పటములు ముందుగా సిద్ధము కావలెను. ఆ పిదపనే మరమ్మతు. శాసనముల ప్రతులను తీయు పని పండితులది. గోడల కొలతలను సేకరించుట పాఠశాలల విద్యార్థులకును సాధ్యమే. కూలిన గోడను మరల కట్టవచ్చును గాని, కొలత లేనిచో కట్టినది పాతగోడ కానేరదు.