గోల్కొండ ఓడలకు గండం

2023 ఆగస్టు వేలంలో మా కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ ముచ్చట ఛాయ్ హోటళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. డబ్బు మాట రాగానే నాకు మాత్రం పక్కనున్న గోల్కొండ గుర్తొస్తుంది. కోట అంటే మనకు వజ్రాలు, రామదాసు చెర. దానికి ఓడలుండేవన్న సంగతి ఎవరికీ పట్టదు.

గోల్కొండ రేవు బందరు. అక్కడి బట్టలు బంగాళాఖాతం దాటి సయాం (నేటి థాయ్‌లాండ్) రాజ్యపు మెర్గుయి రేవుకు పోయేవి. తిరుగు ఓడల్లో ఏనుగులొచ్చేవి. 1670ల చివర్లో అలాంటి ఏనుగుల ఓడ నడిపినవాడు శామ్యూల్ వైట్ అనే ఇంగ్లిషువాడు. మన సరుకు ఎప్పుడు, ఏ దారిన కదులుతుందో అతనికి తెలియకుండా ఉంటుందా!

సయాం రాజు నారాయ్ కొలువులో చక్రం తిప్పిన ఫాల్కన్ అనే గ్రీకువాడు, మెర్గుయిలో ముస్లిం వర్తకుల చేతిలో ఉన్న పదవులను ఇంగ్లిషువాళ్లకు కట్టబెట్టాడు. 1683లో వైట్ అక్కడ షాబందర్, అంటే రేవు పెద్ద, అయ్యాడు. ఆపైన సయాంకూ గోల్కొండకూ చెడింది. వైట్ పంట పండింది. సయాం జెండా కట్టిన ఓడలకు ఇంగ్లిషు కెప్టెన్లను పెట్టి గోల్కొండ వర్తకుల మీదికి వదిలాడు. యుద్ధం పేరుతో, రాజు అనుమతితో శత్రువు సరుకు దోచుకునే ఇలాంటి ఓడను ఇంగ్లిషులో ప్రైవటీర్ అంటారు. చేతిలో కాగితం ఉంటే దొర, లేకుంటే దొంగ! కాగితం సయాం రాజుది, లాభం వైట్‌ది. నా లెక్కలో ఇది దొంగతనమే.

అతని కెప్టెన్లలో కోట్స్ అనేవాడు ప్రాస్పరస్ ఓడతో నరసాపురం దగ్గరి మాధవాయపాలెం దాకా వచ్చి గోల్కొండ ఓడలు పట్టాడు. మదపోలం అని యూరప్ అంతా పిలిచిన నూలుగుడ్డకు పేరిచ్చింది ఆ ఊరే. దోచింది ఇంగ్లిషువాళ్లు కావడంతో తంటా మద్రాసులోని ఈస్టిండియా కంపెనీకీ చుట్టుకుంది.

ఆ తంటా తేల్చుకోవడానికి కంపెనీ పంపిన కర్టానా ఓడ 1687లో మెర్గుయి చేరింది. జూలైలో సయాంవాళ్లు తిరగబడి అక్కడి ఇంగ్లిషువాళ్లను ఊచకోత కోశారు. వైట్ మాత్రం రిజల్యూషన్ ఓడలో తప్పించుకున్నాడు. ఆ సెప్టెంబరులోనే గోల్కొండ ఔరంగజేబు వశమైంది. పోయిన ఓడల లెక్క అడిగే రాజ్యమే మిగల్లేదు. గోల్కొండ సుల్తాను తానీషా దౌలతాబాదు కోటలో బందీగా కన్నుమూశాడు. వైట్ కూడబెట్టిన సొమ్ముతో ఇంగ్లండు చేరాడు. తనకే అన్యాయం జరిగిందంటూ కంపెనీని నష్టపరిహారం అడిగి, 1689లో చనిపోయాడు.