నడిసముద్రపు దీవికి మాట చేరిన కథ



నేటి ప్రసంగమునకు విషయము ఒక చిన్న దీవి. దాని పేరు సెయింట్ హెలీనా. ఆఫ్రికా ఖండమునకు పడమటగా, అట్లాంటికు మహాసముద్రము నడుమ, తీరమునుండి సుమారు 1200 మైళ్ల దూరమున నది యున్నది. వైశాల్యము 47 చదరపు మైళ్లు. 2021వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకార మచ్చటి జనము 4500 లకు లోపు. మన పెద్ద గ్రామ మొక్కదానిలో నింతమంది యుందురు. దానికి మిక్కిలి దగ్గరనున్న దీవి అసెన్షన్; ఆ దగ్గర యనునదియు 800 మైళ్లు. ఈ దీవి బ్రిటిషు ప్రభుత్వమునకు లోబడిన పరదేశ భూభాగములలో నొకటి.

ఇంత చిన్నచోటికి బయటి లోకమునుండి మాట యెట్లు చేరినది? ఎవరి మాట ముందు చేరినది? ఎవరి మాట చిట్టచివరకు చేరినది? ఇది నేడు మనము విచారింపవలసిన సంగతి. యంత్రము పుట్టిన సంవత్సరమును చరిత్రకారులు వ్రాసి యుంచెదరు. కాని యా యంత్రము సామాన్యుని వాకిటికి వచ్చిన సంవత్సరము వేరు. ఆ రెంటి నడుమ నెంత కాలము గడచునో తెలిసికొనుట కీ దీవి చక్కని నిదర్శనము.

పోర్చుగీసు నావికులు 1502లో దీనిని కనుగొనిరి. 1659లో నిది ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వశమైనది. మనదేశమునకును దీనికిని సంబంధ మప్పుడే కలిగినది. చెన్నపట్టణము మొదలగు రేవులలో సరకు లెత్తుకొని ఇంగ్లండునకు మరలిపోవు కంపెనీ యోడలు మంచినీటికొరకును, తాజా యాహారముకొరకును ఇచ్చట నాగుచుండెడివి. ఓడతోనే యుత్తరము వచ్చును, ఓడతోనే వార్త వచ్చును. ఓడ రాని దినములలో దీవికి లోకము లేనట్లే.

1805లో చెన్నపట్టణమునుండి స్వదేశమునకు మరలుచు ఆర్థర్ వెల్లెస్లీ యను సేనాని ఈ దీవిలో దిగి, బ్రైయర్స్ అను తోటబంగళాలో బసచేసెను. అంతకు రెండేండ్ల ముందు దక్కనులో అస్సాయీ యొద్ద మహారాష్ట్రులను గెలిచినవా డితడే. తరువాత వెల్లింగ్టన్ ప్రభువైనవాడును ఇతడే. 1815లో వాటర్లూ యొద్ద ఇతని సేనలచేతను, ప్రష్యా సేనలచేతను ఓడిన నెపోలియను చక్రవర్తిని ఖైదీగా కొనివచ్చి యీ దీవిలోనే యుంచిరి. లాంగ్‌వుడ్ అను చోట నివాసము సిద్ధమగువరకు, సుమారు రెండు నెలలు, చక్రవర్తియు ఆ బ్రైయర్స్ తోటలోనే యుండెను. ఈ తోట పేరు శ్రోతలు జ్ఞాపకముంచుకొందురుగాక. మన కథలో నిది మరల వచ్చును.

నెపోలియనును కావలికాచుటకై దీవి గవర్నరు హడ్సన్ లో కట్టుదిట్టములు చేసెను. కొండలమీద సంకేతస్తంభము లుండెను. ఏ దిక్కున నోడ కనబడినను, ఖైదీ యెటువైపు పోయినను, కొండనుండి కొండకు సంకేతము సాగి నిమిషములలో గవర్నరునకు తెలియుచుండెను. 1821 మే 5వ తేదీన చక్రవర్తి మరణించెను. ఆ వార్త ఓడనెక్కి లండను నగరము చేరునప్పటికి జూలై 4వ తేదీ యైనది. కొండనుండి కచ్చేరీకి నిమిషములు. దీవినుండి రాజధానికి అరువది దినములు! ఐరోపాఖండము నంతయు గడగడలాడించిన వాని మరణవార్తకే యింత జాప్యమైనప్పుడు, దీవిలోని ఒక కూలివాని కుమారుడు పరదేశమున మరణించిన, ఆ వార్త తల్లి చెవిని బడుట కెన్ని నెలలు పట్టియుండునో మీరే యూహింపవచ్చును.

ఇంతకంటె దీనమైన సంగతి యొకటి గలదు. 1840 మొదలు 1872 వరకు, బానిసలను గొనిపోవు ఓడలను బ్రిటిషు యుద్ధనౌకలు పట్టుకొని, వానిలోని ఆఫ్రికావారిని విడిపించి, ఈ దీవిలోని రూపర్ట్ లోయలో దించుచుండెను. అట్లు దిగినవారు 25000 లకు పైబడిరి. వారిలో సుమారు 8000 మంది రోగములచేతను, బలహీనతచేతను దీవిలోనే కన్నుమూసి, ఆ ప్రాంతముననే పాతిపెట్టబడిరి. తమవారు బ్రతికిరో, చచ్చిరో తెలుపుటకు వీరి యిండ్ల కే యుత్తరమును పోలేదు. వీరి యూరేదో వ్రాసికొన్నవారును అరుదు.

1869లో సూయజు కాలువ తెరవబడినది. ఆసియాకు పోవు నోడలు దగ్గరి దారిని పట్టినవి. 1855లో సుమారు 1100 ఓడలు దీవిలో నాగగా, 1889లో నాగినవి 288 మాత్రమే. ఓడలు తగ్గినకొలది దీవిలో జీవనము తగ్గినది, వార్తయు తగ్గినది. ఇట్టి యేకాంతముచేతనే ఈ దీవి చెరసాలగా మాత్రము పనికివచ్చుచుండెను. జూలూ ప్రభువైన డినుజులు 1890 మొదలు 1897 వరకు ఇచ్చటనే ప్రవాసశిక్ష యనుభవించెను.

తుదకు 1899 నవంబరులో తంతి వచ్చినది. ఈస్టరన్ టెలిగ్రాఫ్ కంపెనీవారు కేప్‌టౌను నగరమునుండి సముద్రగర్భమున కేబులు పరచి దీవికి తెచ్చి, అచ్చటినుండి అసెన్షనుకును, ఆపైన ఉత్తరమునకును సాగించిరి. రాగితీగకు గట్టపెర్చా యను చెట్టుపాలు పూతగా పోసి, పైన ఇనుపతీగలు చుట్టి, ఓడనుండి సముద్రములోనికి విడుచుట ఆనాటి పద్ధతి. కంపెనీవారు తమ యుద్యోగులకు స్థావరముగా నేర్పరచుకొన్నది ఆ బ్రైయర్స్ తోటనే. ఎచ్చట నొకనాడు చక్రవర్తి లోకవార్తకై యెదురుచూచెనో, అచ్చటనే లోకవార్తలు టకటకమని మ్రోగసాగినవి.

అయిన నవి యెవరి వార్తలు? ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధ మారంభమైనది. ప్రభుత్వపు టుత్తరువులు, సేనల సమాచారములు, వర్తకుల ధరవరలు తంతిమీద సాగినవి. 1900 ఏప్రిలులో బోయరు సేనాని క్రోన్యేయును, అతని వెంట ఖైదీల మొదటి జట్టును దీవికి వచ్చిరి. క్రమముగా వేలకొలది వచ్చిరి. తంతికి మాటకింతయని రుసుము. ఆ రుసుము కూలి జనమున కందునది కాదు. రైలుబండి యొకటి మన పొలముల నడుమగా ప్రతిదినము పోవుచు, మన యూర నాగకుండిన నెట్లుండును? దీవివారికి తంతి యట్లుండెను. వార్త వారి కాళ్లక్రిందుగా పోవుచుండెను. వారి చేతికి మాత్రము రాకుండెను.

ఇక గొంతుకయే వినవలెనన్న నాటి కేబులుకు శక్తి చాలదు. చుక్కయు గీతయు నగు సంకేతములను మోయగలిగినను, మనుష్యుని కంఠధ్వనిని వేయి మైళ్లు మోయలేకుండెను. దారిలోనే ధ్వని క్షీణించిపోవును. అట్లాంటికు దాటి ఇంగ్లండునకును అమెరికాకును రేడియోద్వారా టెలిఫోను సంభాషణ 1927లో మొదలైనది. మనదేశమునకును ఇంగ్లండునకును 1933లో మొదలైనది. సముద్రగర్భ కేబులుమీద అట్లాంటికు దాటి కంఠధ్వని పోయినది 1956లో. ఈ వరుసలో సెయింట్ హెలీనా చాల వెనుకబడినది. చిరకాలము హ్రస్వతరంగముల రేడియోయే దానికి దిక్కయ్యెను. ఆకాశము బాగుండిన మాట వినబడును. లేకున్న ఘోషయే వినబడును. 1990వ సంవత్సరపు ప్రాంతమున గాని ఉపగ్రహముతో మాటలాడు నిలయము దీవికి రాలేదు. ఆ నిలయపు పెద్ద పళ్లెమును ఎచ్చట నిలిపిరందురు? బ్రైయర్స్‌లోనే. తంతి వచ్చిన తొంబదియేండ్లకు, ఆ చోటికే సామాన్యుని కంఠస్వరము వచ్చినది.

ఉపగ్రహము భూమికి సుమారు 22300 మైళ్ల యెత్తున నుండును. లండనులోని కుమారుడు "అమ్మా" యన్న, ఆ మాట పైకెగసి క్రిందికి దిగుటకు నాలుగవవంతు క్షణము పట్టును. తల్లి "నాయనా" యన్న ఆ మాట మరలి వచ్చుటకు నంతే. కావున ఒకరు పలికి యొకింత ఆగవలెను. ఆగనిచో ఇరువురి మాటలును ఒకదానిపై నొకటి పడును.

దూరదేశమునకు పిలుచుటకు ప్రతిదేశమునకును ఒక సంఖ్య యుండవలెను గదా. ప్రభుత్వములన్నియు కూడిన అంతర్జాతీయ సంఘ మొకటి, 1865లో పారిసు నగరమున తంతి వ్యవహారములకై పుట్టినది, 1960 ప్రాంతపు దశకములో లోకమును తొమ్మిది మండలములుగా విభజించి సంఖ్యలను పంచినది. ఆఫ్రికా ప్రాంతమునకు 2 మొదటి యంకె. మన ప్రాంతమునకు 9. ఇండియాకు 91, సెయింట్ హెలీనాకు 290. నూటనలువది కోట్ల జనముగల దేశమునకును, నాలుగువేల జనముగల దీవికిని ఆ పట్టికలో చెరియొక వరుస. దీవిలోని నంబరులు 2013 వరకు నాలుగంకెలే, పిదప అయిదంకెలైనవి. చేతిలో నుంచుకొను మొబైలు ఫోను 2015లో వచ్చినది.

ఈ టెలిఫోను వారికి విలాసవస్తువు గాదు. 1981వ సంవత్సరపు చట్టముచేత దీవివారికి ఇంగ్లండులో స్థిరపడు హక్కు పోయినది. 2002లో నది మరల లభించినది. దీవిలో పని తక్కువ, కూలి తక్కువ. కావున పలువురు ఇంగ్లండునకును, అసెన్షనుకును, ఫాక్‌లండు దీవులకును వలసపోయిరి. 1998లో 5000 లకు పైబడిన జనము 2008 నాటికి 4300 లకు లోబడినది. తల్లిదండ్రులను పోషించుటకై బిడ్డ విదేశమునకు పోవును; తాతలయొద్ద మనుమలు పెరుగుదురు. 2017 అక్టోబరువరకు దీవికి నియమితముగా వచ్చు విమానము లేదు. అప్పుడుండినది ఒక తపాలా ఓడ. కేప్‌టౌనునుండి అయిదు దినముల ప్రయాణము. తండ్రి అవసానకాలమున కుమారు డెంత త్వరపడినను, అంత్యక్రియలకు నందుకొనలేకుండెను. అట్టివానికి తండ్రి కడపటి మాటను వినిపించుచుండినది టెలిఫో నొక్కటే.

కాని వెల మాత్రము భారము. లోకమున మిక్కిలి ప్రియమైన పిలుపులలో ఈ దీవి పిలుపులు చిరకాలము లెక్కకు వచ్చినవి. కారణము స్పష్టమే. గ్రామమంతయు కలిసి త్రవ్వించిన చెరువునకు ఇంటింటికి వచ్చు చందా స్వల్పము. అంతే చెరువును పది యిండ్లవారు త్రవ్వించుకొనవలసివచ్చిన ఒక్కొక్కరి యిల్లును తాకట్టుపెట్టవలసి యుండును. ఉపగ్రహపు బాడుగ అట్టిది. నాలుగువేల మంది దానిని మోయవలసివచ్చినది. వ్యాపారమున నెవరి లెక్క తప్పకున్నను, తల్లి మాత్రము గడియారము చూచుచు కొడుకుతో మాటలాడవలసివచ్చినది. చెప్పవలసిన మాట గొంతులోనుండగనే తంతి పెట్టివేయుట కంటె కష్ట మేమున్నది?

ఇటీవల మరల సముద్రగర్భమునుండియే మార్గము తెరవబడినది. పోర్చుగలునుండి దక్షిణాఫ్రికాకు పోవు ఈక్వియానో అను కొత్త కేబులునుండి ఒక శాఖ 2021 ఆగస్టులో దీవిని తాకి, 2023 అక్టోబరు 1వ తేదీన జనులకు వినియోగమునకు వచ్చినది. గాజుతీగలోపల వెలుగురూపమున మాట సాగును. ఉపగ్రహము నందలి జాప్యము లేదు. ఈ కేబులు తీరమెక్కినది ఎచ్చట? రూపర్ట్ అఖాతముననే. ఈక్వియానో యనునది బానిసగా అమ్మబడి, తన స్వేచ్ఛను తానే కొనుక్కొని, తన కథను వ్రాసి 18వ శతాబ్దమున ప్రచురించిన ఒక ఆఫ్రికావాని పేరు. ఇంటికొక్క వార్తయు పంపలేక వేలమంది మట్టిలో కలిసిన లోయయొద్దకు, ఆ పేరుగల మార్గము మాటను మోసికొనివచ్చినది. రహదారి పనులలో బయటపడిన 325 మంది యస్థికలను 2022లో అచ్చటనే గౌరవముతో మరల ఖననము చేసిరి.

మనము దీనినుండి గ్రహింపవలసిన దేమి? యంత్రము ముందు రాజును సేవించును, యుద్ధమును సేవించును, వర్తకమును సేవించును. ఇంటిని సేవించుట కడపట. ఆ దీవిలో నీ వరుస నడచుటకు సుమారు నూరేండ్లు పట్టినది. మన పల్లెలును దీని నెరుగనివి కావు. తంతి యనగానే చావుకబురని స్త్రీలు గోలుమనిన కాల మున్నది. 2013 జూలైలో ఆ తంతియే మనదేశమున ముగిసినది. కరీంనగరు, నిజామాబాదు, కోనసీమ, కడప ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన కుమారుల మాటకై పట్టణములో నొక టెలిఫోను దుకాణమున తల్లిదండ్రులు కాచుకొనియుండిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. దూరము మైళ్లతో కొలువబడునది మాత్రమే కాదు. మాటకు చెల్లింపవలసిన వెలతోడను కొలువబడును.

కావున మీ యూరికి కొత్త సాధన మేది వచ్చినను, "వచ్చినదా?" యని యొక్కటే యడిగి సంతృప్తి చెందవలదు. చివరి యింటి ముసలమ్మ దానిని వాడుకొనగలదా, ఎంత వెలకు, అని రెండవ ప్రశ్నయు నడుగవలెను. ఆ రెండవ ప్రశ్నకు మంచి యుత్తరము వచ్చిననాడే ఆ సాధనము ఊరికి వచ్చినట్లు లెక్క.