కాపబ్లాంకాని ఓడించిన సుల్తాన్ ఖాన్: ఎత్తులు మిగిలాయి, మనిషి కథ ఎవరు రాశారు?



మన గ్రూపులో చరిత్ర అంటే ఎక్కువగా పోరాటాల గురించే రాసుకుంటున్నాం. ఈసారి ఒక చెస్ గేమ్ గురించి రాస్తున్నా. పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి. చెస్ రానివాళ్ళకి కూడా విషయం అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున హేస్టింగ్స్ అనే ఊరుంది. అక్కడ ఏటా క్రిస్మస్ రోజుల్లో పెద్ద టోర్నమెంట్ పెట్టేవాళ్ళు. 1930-31 టోర్నమెంట్‌కి క్యూబా ఆటగాడు కాపబ్లాంకా వచ్చాడు. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ చాంపియన్. ఏళ్ళ తరబడి ఒక్క గేమ్ కూడా ఓడిపోని రికార్డు ఆయనది. అలాంటి మనిషిని ఆ టోర్నమెంట్‌లో ఓడించినవాడు మీర్ సుల్తాన్ ఖాన్, అప్పటి బ్రిటిష్ ఇండియాలోని పంజాబ్ నుంచి వచ్చినవాడు.

సుల్తాన్ ఖాన్ ఊరు మిఠా తివానా. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్నది మన దేశపు పాత చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు పోదు. ఇప్పటి క్యాజ్లింగ్ లేదు, దాని బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. అంటే యూరప్ వాళ్ళు పుస్తకాల్లో చదివి బట్టీ పట్టే ఓపెనింగులు ఆ ఆటలో పనికిరావు. సర్ ఉమర్ హయత్ ఖాన్ అనే పెద్ద భూస్వామి అతన్ని చేరదీసి పాశ్చాత్య నియమాలు నేర్పించాడు. 1928లో ఆలిండియా చాంపియన్ అయ్యాడు. 1929లో ఆయన వెంట లండన్ వెళ్ళి, అదే ఏడాది బ్రిటిష్ చాంపియన్‌షిప్ గెలిచాడు. 1932, 1933లో మళ్ళీ గెలిచాడు.

ఇక గేమ్‌లోకి వద్దాం. సుల్తాన్ ఖాన్‌వి తెల్లపావులు. ఓపెనింగ్ క్వీన్స్ ఇండియన్. మొదటి 17 ఎత్తుల్లో పెద్ద గొడవేం లేదు. తర్వాత కాపబ్లాంకా తన రెండు ఏనుగుల్ని సి-వరుసలో ఒకదాని వెనక ఒకటి నిలబెట్టాడు. ఆ వరుస ఒక్కటే తెరుచుకుని ఉన్న దారి. అది ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ళదే అనిపిస్తుంది.

సుల్తాన్ ఖాన్ ఆ దారి కోసం కొట్లాడలేదు. ఇటు పక్క నుంచి బంటుని జి4, జి5కి తోసి నల్లగుర్రాన్ని వెనక్కి ఇ8కి తరిమాడు. 21వ ఎత్తులో బిషప్‌ని జి4కి తెచ్చి సి8లో ఉన్న ఏనుగు మీద గురిపెట్టాడు. కాపబ్లాంకా ఏనుగులు సి1లో, సి2లో వరసగా చెక్ ఇచ్చాయి. సుల్తాన్ ఖాన్ తన మంత్రిని, అంటే క్వీన్‌ని, ఇచ్చేసి ఆ రెండు ఏనుగుల్నీ తీసుకున్నాడు. బోర్డులో నల్లమంత్రి ఒక్కటే మిగిలింది, తెల్లవైపు మంత్రి లేదు. మామూలుగా చూస్తే భయపడే పరిస్థితి.

కానీ బోర్డు చూడండి. నల్లబిషప్ బి7లో తన సొంత బంట్ల వెనకే ఇరుక్కుంది. గుర్రం డి6 బంటుకి కాపలా కాస్తూ ఇ8లోనే కూర్చుంది. మంత్రికి ఎంత బలమున్నా సాయం వచ్చేవాళ్ళు లేరు. 35వ ఎత్తు తర్వాత ఆ మంత్రి హెచ్3, హెచ్4 మధ్య అటూ ఇటూ తిరగడమే. అదే టైంలో సుల్తాన్ ఖాన్ తన రాజుని నెమ్మదిగా బంట్ల వెనక్కి, ఏ3 దాకా నడిపించాడు. తొందరే లేదు. మన ఊళ్ళో పులి-మేక ఆడేవాళ్ళకి ఇది తెలుసు: మేకలు పులిని కొట్టవు, కదలకుండా చేస్తాయి.

45వ ఎత్తులో బంటు బి5కి వెళ్ళింది. దానితో సి6 గడి తెల్ల ఏనుగుకి గట్టి మెట్టు అయింది. 53లో ఏనుగు అక్కడికి చేరింది, 61లో బి6 బంటుని తీసింది. ఆ తర్వాత తెల్లవాళ్ళ బి-బంటుని ఆపేవాళ్ళు లేరు. 65వ ఎత్తు, ఏనుగు బి8. కాపబ్లాంకా ఓటమి ఒప్పుకున్నాడు. టోర్నమెంట్‌లో యూవ్ మొదటి స్థానం, కాపబ్లాంకా రెండు, సుల్తాన్ ఖాన్ మూడు. 1931లో ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఇంగ్లండ్ మొదటి బోర్డు మీద కూర్చుని రూబిన్‌స్టైన్‌నీ, ఫ్లోర్‌నీ కూడా ఓడించాడు.

ఇప్పుడు అసలు విషయం. 1933 చివర్లో సుల్తాన్ ఖాన్ తిరిగి ఇండియా వచ్చేశాడు, మళ్ళీ యూరప్ వెళ్ళి ఆడలేదు. 1950లో ఫిడే గ్రాండ్‌మాస్టర్ బిరుదులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మొదటి జాబితాలో రూబిన్‌స్టైన్ ఉన్నాడు, అప్పటికి ఆయన టోర్నమెంట్లు మానేసి పదిహేనేళ్ళు దాటింది. ఫ్లోర్ ఉన్నాడు. వాళ్ళిద్దర్నీ ఓడించిన సుల్తాన్ ఖాన్ లేడు. 1966లో సర్గోధాలో చనిపోయాడు. గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో వచ్చింది, చనిపోయిన దాదాపు 58 ఏళ్ళకి.

పేరు సంగతి ఇంకోటి. పడమటి పుస్తకాల్లో ఆయన్ని "నౌకరు", "చదువు రానివాడు" అనే రాస్తూ వచ్చారు. అమెరికా ఆటగాడు రూబెన్ ఫైన్ అయితే, ఉమర్ హయత్ ఖాన్ ఇంట్లో విందుకి పోతే సుల్తాన్ ఖానే వడ్డించాడని రాశాడు. 2020లో ఆయన మీద ఒక ఇంగ్లిష్ పుస్తకం వస్తే, దాని పేరులోనే "సర్వెంట్" అని ఉంది. అప్పుడు ఆయన మనవరాలు, కుటుంబం గట్టిగా జవాబు రాశారు: ఆయన నౌకరు కాదు, చదవడం రాయడం వచ్చు అని. అదే ఇంటి నుంచి వెళ్ళిన ఫాతిమా 1933లో బ్రిటిష్ మహిళల చాంపియన్‌షిప్ గెలిచింది. ఆమె గురించి మనకి తెలిసింది ఇంకా తక్కువ.

సుల్తాన్ ఖాన్ ఆదివాసీ కాదు, ఆ పోలిక నేను తేవట్లేదు. కానీ "చదువు రానివాళ్ళు" అనే మాట మన తాతమ్మల మీద కూడా ఎన్నిసార్లు పడిందో మీకు తెలుసు. ఆ 65 ఎత్తులు రాసిపెట్టి ఉన్నాయి కాబట్టి వాటిని ఎవరూ తగ్గించి చెప్పలేరు. ఎత్తులు ఎవరైనా సరిచూసుకోవచ్చు. మనిషి బతుకు మాత్రం రాసుకోలేదు, అందుకే దాన్ని పరాయివాళ్ళు తమకి తోచినట్టు నింపేశారు. ఇంటివాళ్ళు నోరు తెరిచేసరికి తరాలు గడిచాయి.

అందుకే ఒక మాట. ఈ సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ పెద్దల్లో ఒక్కరి గురించి రాయండి. పేరు, ఊరు, ఏడాది, ఏం చేశారు, ఎవరు చూశారు. పొగడ్తలు అక్కర్లేదు, సరిచూసుకోగలిగే వివరాలు చాలు. రాసింది ఇక్కడ పెట్టండి, అందరం చదువుదాం.

జోహార్.