ఒజెట్: ఫోన్ ఎవరు చేశారు?

1970 ఫిబ్రవరిలో వచ్చిన ఒక తుఫాను అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు పడమటి కొసన, ఒజెట్ అనే చోట తీరపు గట్టుని కోసేసింది. కొన్ని వందల ఏళ్ల కిందట కొండచరియ విరిగిపడి బురదలో కూరుకుపోయిన పెద్ద చెక్క ఇళ్లు బయటికి కనిపించాయి. అటు నడిచి వచ్చిన ట్రెక్కర్లు కొందరు దొరికినవి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. ఆ సంగతి తెలిసి, మకా తెగ పెద్ద ఎడ్ క్లాప్లన్‌హూ వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలోని రిచర్డ్ డాహర్టీకి ఫోన్ చేశాడు. డాహర్టీకి ఆ చోటు కొత్త కాదు, 1960ల్లోనే అక్కడ తవ్వి ఉన్నాడు.

(మకా అన్న పేరు పక్క తెగవాళ్లు పెట్టింది. తిండి ధారాళంగా పెట్టేవాళ్లని అర్థం.)

ఆ ఫోన్ ఎటు నుంచి ఎటు వెళ్లిందన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది. మామూలుగా ప్రొఫెసర్ వస్తాడు, తవ్వుతాడు, పెట్టెలు కట్టుకుని వెళ్లిపోతాడు. ఇక్కడ పిలిచింది తెగవాళ్లు. దొరికినవి తమ నేల మీదే ఉండాలన్నారు కూడా. అమరావతి శిల్పాల్ని చెన్నైలోనూ లండన్‌లోనూ వెతుక్కునే మనకి ఆ షరతు విలువ వేరే చెప్పక్కర్లేదు.

తడి బురద గాలి తగలనివ్వకపోవడం వల్లే చెక్క, బుట్టలు, తాళ్లు కుళ్లిపోకుండా మిగిలాయి. పార తగిలితే ముక్కలే. అందుకని పంపులతో సముద్రపు నీళ్లు తోడి, హోస్ పైపులతో మెల్లగా మట్టి కడిగారు. పదకొండేళ్లు పట్టింది. 55,000కి పైగా వస్తువులు! మకా కుర్రవాళ్లు స్టూడెంట్లతో కలిసి పనిచేశారు. ఇదేమిటో తెలియక తలగోక్కున్న వస్తువుల్ని ముసలివాళ్లు చూసి పేరూ, వాడకమూ చెప్పారు. అన్నట్టు, ఊరు మట్టి కింద పడిపోయిందని వాళ్ల పెద్దలు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. అది చరిత్రని ఒప్పుకోడానికి తుఫాను రావాల్సొచ్చింది.

1979లో నియా బేలో తెగ సొంత మ్యూజియం తెరిచారు. అక్కడ తిమింగలపు వీపు రెక్క ఆకారంలో ఒక సీడార్ చెక్క శిల్పం ఉంది. దానికి 700 పైచిలుకు సముద్రపు నీటికుక్క పళ్లు పొదిగారు. అందరూ దాని దగ్గరే ఆగుతారు. నన్ను మాత్రం ఆ మ్యూజియం స్టోర్ రూమ్ సంగతే ఎక్కువ ఆకట్టుకుంది. సామాన్లని మకా మాటల ప్రకారం సర్దారు. ఏది దేని పక్కన ఉండాలో వాళ్ల భాష నిర్ణయిస్తుంది. సంప్రదాయం ప్రకారం ఆడవాళ్లో మగవాళ్లో ముట్టకూడని వస్తువైతే ఆ సంగతీ గుర్తు పెడతారు. ఇది నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. కానీ 'కలిసి పనిచేయడం' అంటే మనకి నచ్చిన సంప్రదాయాల్ని మాత్రమే గౌరవించడం కాదు కదా.

ఒజెట్‌లో దొరికిన ఈటెలూ, తిమింగలం ఎముకలూ పాత ముచ్చట్లుగా మిగల్లేదు. తిమింగలాల వేట హక్కు 1855 ఒప్పందంలోనే రాసి ఉంది. వ్యాపార నౌకలు తిమింగలాల్ని ఊడ్చేశాక, 1920ల్లో మకావాళ్లు తమంతట తామే వేట మానేశారు. 1999 మేలో మళ్లీ సీడార్ పడవలో వెళ్లి ఒకదాన్ని వేటాడితే పెద్ద గొడవైంది, నిరసనలు, కోర్టు కేసులు. చివరికి 2024 జూన్‌లో, పదేళ్లలో 25 వరకు వేటాడొచ్చని ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. ఒప్పందంలో రాసిచ్చిన హక్కుకే మినహాయింపు.