చింతమాను మీద పిడికిళ్లు

ఇలా కూచో మనవడా, ఆ చెయ్యి కుంపటికి కాస్త దగ్గరగా పెట్టు. గోడని గుద్దావా? మీ కరాటే సారు చెప్పాడా, నీ బుర్రలో పుట్టిందా? సర్లే.

మా సాముగరిడీ ఊరి చివర చింతతోపులో ఉండేది. కోడి రామ్మూర్తి నాయుడుగారి ప్రాంతం కదా మాది. ఆయన 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగారు. ఛాతీకి చుట్టిన ఇనపగొలుసుని ఊపిరి బిగించి తెంచేసేవారు, గుండె మీదికి ఏనుగుని ఎక్కించుకునేవారు. 1942లోనే పోయారు, నేను చూళ్లేదు. మా తాత చూశాడు. ఆ కథలు విని మేమంతా ఏకంగా ఏనుగుతోనే మొదలెడదామని వెళ్లాం!

గురువుగారు చేతికి పార ఇచ్చారు. గోదా మట్టి తవ్వు, గడ్డలు చిదుపు, నీళ్లు చల్లు, మళ్లీ తవ్వు. ఆ తర్వాత దండీలు, బస్కీలు. మొదట ఇరవై, పది రోజులకి పాతిక. రెండు నెలలు కర్ర ముట్టనివ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయేది. తీరా కర్ర పట్టాక ఎదుటివాడి దెబ్బ నా కర్ర మీద పడితే, మణికట్టు కదల్లేదు. పార ఏం చేసిందో అప్పుడు తెలిసింది.

నాతో చేరినవాడొకడు ఆగలేకపోయాడు. గురువుగారు చూడకుండా చింతమాను మీద రోజూ పిడికిళ్లు గుద్దేవాడు. మెటికలు వాచి, పగిలి, కాయలు కాశాయి. అవి చూసి మేం కుళ్లుకున్నాం కూడా, అబద్ధమెందుకు. పోయినేడు వాళ్లింటికెళ్తే కోడలు అతని చొక్కా బొత్తాలు పెడుతోంది. వేళ్లు ముడుచుకోవట. వయసు కూడా ఉందనుకో. కానీ నాకూ ఎనభై దాటాయి, నా వేళ్లు చూడు.

అలాగని చెయ్యి గట్టిపడదని కాదు. బరువు పడేకొద్దీ ఎముకా బలుస్తుంది. దానికి నెలలూ ఏళ్లూ పడతాయి, మధ్యలో తిండీ నిద్రా ఉండాలి. కీళ్లలో గుజ్జు అరిగిందా, మళ్లీ పుట్టదు. మీ కరాటే పుట్టిన ఒకినావాలో మకివారా అని ఉంటుంది కదా, ఆ పలకకి గడ్డితాడు చుడతారు. గుద్దితే వెనక్కి వంగుతుంది. మన గోడ వంగిందా?

రేపు పెరట్లో అరటిపిలకకి గొయ్యి తియ్యాలి. పార తలుపు మూలనుంది. వద్దులే, ముందు ఆ వాపు తగ్గనీ.