గడియారం నుంచి గడియ దాకా

ఉతుకు పూర్తయింది, మెషీన్ ఆగింది, చివరి కూత కూడా కూసింది. తలుపు మాత్రం రాదు. చాలా ఇళ్లలో అప్పుడు చేసే పని హ్యాండిల్ పట్టుకుని గట్టిగా గుంజడం. ప్లాస్టిక్ హ్యాండిల్ పుటుక్కుమంటుంది. రెండు నిమిషాలాగితే దానంతటదే వచ్చే తలుపు, ఇక మెకానిక్ వస్తే గాని రాదు. ఆ రెండు నిమిషాల ఆలస్యం కావాలని పెట్టింది. దాని వెనుక నలిగిన చేతులున్నాయి, ఓ మహా పనివాడి పందొమ్మిదేళ్ల కష్టమూ ఉంది.

ముందు చేతుల సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికా ఇళ్లలో కరెంటు మెషీన్ అంటే ఒక తొట్టి, దాని మీద రెండు రబ్బరు రోలర్లు. తడి బట్ట అంచు అందిస్తే చెరకురసం మిషన్లో గడలా లోపలికి పోయి, నీళ్లు పిండుకుని అవతల పడేది. బట్ట వెంట వేళ్లూ పోయేవి. పిల్లల చేతులు మోచేతి దాకా, ఒక్కోసారి చంక దాకా నలిగేవి. అక్కడి వైద్యులు ఆ గాయానికి విడిగా ఒక పేరే పెట్టుకున్నారంటే ఆసుపత్రులకు ఎంతమంది వచ్చేవారో ఊహించుకోవచ్చు. తట్టగానే రోలర్లు విడిపోయే మీట తర్వాత వచ్చింది.

1937లో అమెరికాలో బెండిక్స్ సంస్థ జాన్ చాంబర్లేన్ రూపకల్పన చేసిన యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఉతకడం, జాడించడం, పిండడం అన్నీ ఒకే డ్రమ్ములో. ముందువైపు గుండ్రటి గాజు తలుపు. అదురుకి కదిలిపోకుండా దాన్ని నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. రోలర్ల బెడద తీరింది గాని, తలుపు ముందువైపుకు రావడంతో కొత్త చిక్కు మొదలైంది. మధ్యలో తెరిస్తే సబ్బునీళ్లు గదిలోకి వస్తాయి. పిండే సమయంలో తెరిస్తే చెయ్యి తిరుగుతున్న డ్రమ్ములో పడుతుంది. నిమిషానికి వందల చుట్లు తిరిగే డ్రమ్ము స్విచ్ కట్టేసిన మరుక్షణం ఆగదు కదా. అంటే, కరెంటు పోయాక కూడా కాసేపు పట్టుకుని ఉండి, ఆ తర్వాత తనంతట తానే వదిలే గడియ కావాలి. ఇంజనీర్లు దీనికి వేడిని వాడుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే.

ఆ ఉపాయానికి మూలం ఇంగ్లండులో గడియారాలు చేసిన జాన్ హారిసన్ దగ్గరుంది. నడిసముద్రంలో రేఖాంశం తెలియాలంటే ఓడలో తప్పు చూపని గడియారం ఉండాలి. ఎండకూ చలికీ లోహాలు సాగి, ముడుచుకుని గడియారం తప్పుతుంటే, ఆయన ఇత్తడి రేకునూ ఉక్కు రేకునూ కలిపి రివెట్లు కొట్టాడు. ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఉక్కు తక్కువ. కాబట్టి వేడెక్కితే జంట రేకు వంగుతుంది, చల్లారితే మళ్లీ సాపవుతుంది. ఆ వంపుతోనే గడియారాన్ని సరిదిద్దుకున్నాడు. ఆ రేకు అమర్చిన మూడో గడియారం మీద ఆయన 1759 దాకా, పందొమ్మిదేళ్లు పనిచేశాడు.

ఎన్నో ఫ్రంట్‌లోడ్ మెషీన్లలో, తలుపు పక్కన రబ్బరు వెనుక బిగించిన చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఆ జంట రేకు వారసురాలు ఉంటుంది. పాడైన లాక్ దొరికితే విప్పి చూడండి. బూడిదరంగు పింగాణీ బిళ్ల, దానికి ఆనుకుని పలుచని రేకు, రేకు కొసన ఓ పిన్ను. స్టార్ట్ నొక్కగానే బిళ్ల గుండా కరెంటు పారుతుంది. బిళ్ల కాగుతుంది, రేకు వంగుతుంది, పిన్ను గడియలో దిగుతుంది. ‘టక్’ మని వినిపించేది అదే. పిన్ను దిగితే గాని మోటారుకు కరెంటు వెళ్లదు. బిళ్ల బేరియం టైటనేట్‌తో చేసింది. వేడి ఒక హద్దు దాటగానే దాని నిరోధం అమాంతం పెరిగి కరెంటును తానే తగ్గించుకుంటుంది కనుక కాలిపోదు. ఉతుకు ముగిశాక బిళ్ల చల్లారి రేకు సాపవ్వడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. మనం గుంజేది సరిగ్గా ఆ వేళలోనే.

తెరుచుకోని తలుపులు ప్రాణాలు తీసిన చరిత్ర కూడా ఉంది. పాతకాలం ఫ్రిజ్‌లకు బయటి నుంచి మాత్రమే తీయగలిగే గడియ ఉండేది. పారేసిన ఫ్రిజ్‌లలో ఆడుకుంటూ దూరిన పిల్లలు ఊపిరాడక చనిపోయారు. ఆ మరణాల తర్వాతే అమెరికా 1956లో చట్టం చేసి, లోపలి నుంచీ తలుపు తెరుచుకోవాలంది. పెద్ద డ్రమ్ముల వాషింగ్ మెషీన్లకూ అంతర్జాతీయ భద్రతా ప్రమాణంలో అలాంటి నియమమే ఉంది: లాక్ పడని తలుపు లోపలి నుంచి తోస్తే రావాలి. అయినా చిన్నపిల్లలున్న ఇంట్లో ఖాళీ మెషీన్ తలుపు బార్లా తీసి వదిలేయకూడదు.

కరెంటు పోతే అన్ని లాకులూ ఒకేలా ఉండవు. జంట రేకు లాక్ నీళ్లున్నా లేకున్నా చల్లారాక వదిలేస్తుంది. అందుకే ముందు గాజులోంచి నీటిమట్టం చూడాలి. కాయిల్‌తో నడిచే కొత్త లాకులు చాలావరకు కరెంటు వచ్చేదాకా బిగుసుకునే ఉంటాయి.

కరెంటు ఉండి కూడా, ఉతుకు ముగిసి అయిదు నిమిషాలు దాటినా తలుపు రాకపోతే అనుమానించాల్సింది నీళ్లనే. ‘రిన్స్ హోల్డ్’ పెట్టి ఉంటే మెషీన్ నీళ్లు వదలకుండా ఆగుతుంది, డ్రెయిన్ నొక్కాలి. నీళ్లు పోయే గొట్టం గోడకు నొక్కుకుపోయిందేమో చూడాలి. అదీ కాకపోతే ప్లగ్గు తీసి, నీళ్లు చల్లారాక, కింద ఫిల్టరు మూత దగ్గర పళ్లెం పెట్టి కొద్దికొద్దిగా వదులు చేయాలి. పిన్నీసులు, గుండీలు, రూపాయి బిళ్లలు అక్కడే చిక్కుకుంటాయి. డ్రమ్ము ఖాళీగా ఉన్నా తలుపు రావడం లేదంటే, నీటిమట్టం కొలిచే సన్న గొట్టంలో సబ్బు మడ్డి పేరుకుని ఉండవచ్చు. లోపల ఇంకా నీళ్లున్నాయనే మెషీన్ లెక్క.

చాలా మోడళ్లలో ఫిల్టరు మూత వెనుకే అత్యవసరంగా తలుపు తీసే చిన్న పట్టీ ఉంటుంది. ప్లగ్గు తీశాక, డ్రమ్ము కదలడం లేదనీ నీళ్లు తలుపు అంచుకు దిగువనే ఉన్నాయనీ చూసుకుని దాన్ని మెల్లగా కిందికి లాగాలి. దానికీ రాకపోతే విరిగింది హ్యాండిలో, కొక్కెమో, లాకో అయ్యుంటుంది. మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు మోడల్ నంబరు చెబితే ఆ సామాను వెంట తెచ్చుకుంటాడు.