మధుర, కోయంబత్తూరు తెలుగువారు – అవకలన గణిత విద్య

విజయనగర ప్రభువుల కాలమునందును, పిమ్మట మధుర నాయకరాజుల యేలుబడిలోను దక్షిణమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబములు మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో స్థిరపడినవి. వీరి సాహిత్యసేవ లోకవిదితము. విద్యాసంస్థల స్థాపనలో, తద్ద్వారా ఉన్నత గణితవిద్యా వ్యాప్తిలో, వీరు చేసిన కృషియు స్మరింపదగియున్నది.

కోయంబత్తూరు చెంతనున్న పీలమేడులో పి. యస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో తమ ఆస్తిని ఐదు భాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు విడిచిరి. ఆ ధర్మసంస్థ పక్షమున 1947లో కళాశాలయు, 1951లో సాంకేతిక కళాశాలయు వెలసినవి. రెండవదానికి తొలి ప్రధానాచార్యులు ఆ వంశమువారే యగు జి. ఆర్. దామోదరన్‌గారు. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమే చిరకాలము ఈ ప్రాంతపు ఉన్నతవిద్యకు ఆధారము. తరువాత మధురలో 1966లోను, కోయంబత్తూరులో 1982లోను వేరు విశ్వవిద్యాలయములు నెలకొన్నవి.

యంత్రవిద్య నేర్చువానికి అవకలన సమీకరణము తప్పనిసరి. ఒక రాశి ఎంత యున్నదో కాక, అది ఏ వేగమున మారుచున్నదో తెలుపునది ఈ సమీకరణము. మధురలో తిరుమల నాయకుడు (1623–1659) త్రవ్వించిన తెప్పకుళమువంటి కోనేటిని తలంచుకొన్నచో విషయము సుబోధమగును. గోడలు నిలువుగా నుండి, అడుగున ఒక చిన్న తూము కలదనుకొందము. నీటిమట్టము తగ్గు వేగము లోతుయొక్క వర్గమూలము ననుసరించును. ఈ సమీకరణమును సాధించినచో, నీరు 16 అడుగులనుండి 9కి, 9నుండి 4కు, 4నుండి 1కి, 1నుండి సున్నకు దిగుటకు పట్టు కాలములు నాలుగును సమానములని తేలును. మొదట ఏడడుగులు తగ్గిన కాలములోనే చివరకు ఒక్క అడుగు తగ్గును.

ఇక అదే కోనేటికి కాలువనుండి నీరు ఒకే తీరున వచ్చుచున్నదనుకొందము. వచ్చు నీరు, పోవు నీరు సమానమైన మట్టముననే కోనేరు నిలకడ చెందగోరును. అంతకు మించియున్నచో తగ్గును, తక్కువైనచో పెరుగును. ఇట్లు సమీకరణమును పూర్తిగా సాధింపకయే దాని తుదిగతిని విచారించుట గతిక వ్యవస్థల శాస్త్రము. ఫ్రాన్సు దేశీయుడగు పొయంకారె 1880 దశకములో దీనికి పునాది వేసెను. రష్యా దేశీయుడగు ల్యాపునోవు 1892లో స్థిరత్వ సిద్ధాంతమును ప్రకటించెను.

ఈ శాస్త్రమున తెలుగువారికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చినవారు వంగిపురం లక్ష్మీకాంతంగారు. వీరు ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి 1957లో డాక్టరేటు పొందిరి. సాధింపరాని సమీకరణమును సులభమైన మరియొకదానితో పోల్చి, అసమానతల మూలమున దాని హద్దులను నిర్ణయించు పద్ధతిని విస్తరించిరి. శిష్యురాలు లీలగారితో కలిసి వ్రాసిన రెండు సంపుటముల గ్రంథము 1969లో వెలువడినది. వీరు 2012లో పరమపదించిరి.

ఇచ్చట విచారింపదగిన విషయ మొకటి కలదు. దామోదరన్‌గారు ‘కలైక్కదిర్’ అను విజ్ఞాన మాసపత్రికను తమిళమున నడపిరి. తాము నివసించు సీమ భాషకు చేసిన ఆ సేవ శ్లాఘనీయము. కాని అట్టి సేవ ఈ ప్రాంతమున తెలుగునకు జరుగలేదు. హైదరాబాదులో 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి డిగ్రీ తరగతుల గణితమును తెలుగున ముద్రించినది. ‘అవకలన సమీకరణము’ అను మాట ఆ గ్రంథముల ద్వారా వ్యాప్తి చెందినది. ఈ ప్రాంతపు తెలుగు బాలురకు ఆ మాట అన్యదేశ్యమువలె తోచును. తమిళనాట 2006లో చేసిన శాసనమువలన పదవ తరగతివరకు తమిళము అనివార్యము కాగా, అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో తెలుగునకు చోటు మరింత ఇరుకైనది.

తమిళమును నేర్చుట వలన కీడు లేదు. ఆంగ్లమును విడుచుటయు సాధ్యము కాదు. ఇంట తెలుగు మాటలాడు విద్యార్థికి కళాశాలలో వినబడు భావమునకు తన భాషలోని పేరు తెలియకపోవుటయే కీడు. పేరు లేని భావమును ఇంటివారితో ముచ్చటింప శక్యము కాదు. ముచ్చటింపని విద్య ఇంటికి చేరదు. కావున తెలుగు సంఘములు తమ గ్రంథాలయములలో ఆ పాఠ్యగ్రంథములను చేర్చుటయు, తెలుగు, తమిళ, ఆంగ్ల పారిభాషిక పదముల పట్టికను కూర్చుటయు ఆవశ్యకము. ఐదవ భాగమును విద్యకు విడిచిన పెద్దల సంతతికి ఇది భారము కానేరదు.